ముప్పై మూటల్లో ఇరవై ఆరు పోతే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కలిపి జల్లెడ పట్టినా తీసివేతలో నా అంతటి మొనగాడు మీకు దొరకడు. ఒకే ఒక్క తీసివేతతో పోలీసుల చేతిలో ఉన్న మనిషిని విడిపించి ఇంటికి నడిపించుకొచ్చిన వాణ్ణి నేను. నమ్మకపోతే మీ ఇష్టం, కథ మాత్రం చివరిదాకా చదవండి.

ఎనభై ఎనిమిదో, ఎనభై తొమ్మిదో. అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం. కథలాపూర్ బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఆ చదువు ఇక చాలనిపించి, చివరికి సిరిసిల్లలో ఆనందం షెడ్డులో లెక్కలు రాసే పనికి కుదిరాను. ఆనందం నాకు బావ వరస. నాలుగు సాంచాల ఆసామి. సాంచ అంటే మగ్గమే, కాకపోతే కరెంటుతో తిరుగుతుంది. వాటి చప్పుడుకు మా వీధిలో పిచ్చుకలు కూడా అరిచి మాట్లాడుకునేవి. అవి ఎప్పుడైనా కోరుట్ల వైపు ఎగిరిపోతే, అక్కడి పిచ్చుకలు వీటిని గయ్యాళి పిచ్చుకలని పక్కన కూర్చోనిచ్చేవి కావట.

మేం నేసేది లంగా గుడ్డ. నేసినదానికి రంగు వేయించి, ఆరబెట్టి, మడతపెట్టి కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు పంపేవాళ్లం. అన్ని రంగుల్లోకి ఎరుపుకే గిరాకీ ఎక్కువ. ఆడవాళ్లకు ఎర్ర లంగా ఏ చీరకైనా నప్పుతుందట. నేను ఎప్పుడూ కట్టి చూడలేదు, వాళ్ల మాటే రాస్తున్నాను.

మడతపెట్టే పని లచ్చవ్వది. నాకంటే పదేళ్లు పెద్దది, బడి మొహం చూసింది కాదు. నూరు గజాలకు ఒక మూట కట్టేది. చివర్లో నూరుకు తక్కువ మిగిలితే దానికొక పద్ధతి ఉండేది. యాభై గజాలు దాటిన ముక్కకు వేరే మూట. దాటని ముక్కను చివరి మూట మీదే పెట్టి అదే తాడుతో బిగించేది. అందుకని ఆమె లెక్కలో గజాలు ఉండవు, మూటలే ఉంటాయి. ఎనభై ఆరు గజాలు ఆమెకు ఒక మూట. పన్నెండు గజాలు ఆమెకు లేనట్టే. 'ఇదేం మోటు లెక్క' అని నేను ఎన్నిసార్లు నవ్వానో నాకే తెలియదు.

ఆ ఏడు బీర్పూర్ వైపు ఒక గుట్ట మీద ఎవరో పెద్ద ఎర్రగుడ్డ కట్టారట. గుట్ట అక్కడ, గుబులు ఇక్కడ. ఎర్రగుడ్డ తయారుచేసే వాళ్లంతా నెలనెలా ఒక కాగితం రాసివ్వాలని మా వీధి చివర పాత గోదాములో ఉన్న పోలీసు క్యాంపు నుంచి హుకుం వచ్చింది. కాగితంలో మూడే అంకెలు. ఎంత తయారైంది, ఎంత అమ్మారు, ఎంత మిగిలింది.

మొదటి కాగితం కోసం జలపతి అనే కానిస్టేబుల్ వచ్చాడు. ఆయన మీసం ఆయనకంటే ముందు వీధి మలుపు తిరిగేది. ఆనందం ఆ రోజు కోరుట్లలో దుకాణాదారులతో మాట్లాడటానికి పోయాడు. మామూలుగా నేను రాసేవాణ్ణి, కూడేవాణ్ణి. తీసివేతలు ఆనందం చేసుకునేవాడు.

"జల్ది రాయి రాజనర్సూ. ఇంక పది షెడ్లు తిరగాలె నేను" అన్నాడు జలపతి.

"తిరుగు, ఎవలద్దన్నరు? నాది రాసుడెంత సేపు?" అన్నాను.

రిజిస్టరు తెరిచి చూశాను. తయారైంది 3,012 గజాలు. జగిత్యాలకు 1,200, కోరుట్లకు 1,386, కలిపి అమ్మింది 2,586. కింద గీత గీసి తీసేశాను. 1,574. చిన్నప్పుడు మా సామేలు సారు "పెద్దదాంట్లకెళ్లి చిన్నది తియ్యాలెరా" అని ఎట్లా నేర్పాడో అట్లాగే, వరుస తప్పకుండా తీశాను. కింద సంతకం కూడా చేయబోయాను కానీ, ఆసామి పేరే ఉండాలన్నాడు జలపతి. ఆనందం పేరు రాసి ఇచ్చాను.

మూడో రోజు పొద్దున పదకొండు గంటలకు ఎస్సై వచ్చాడు. కోస్తా వైపు మనిషి, చిన్న వయసు. దుకాణాల రసీదులు ముందే తెప్పించి సరిచూసుకున్నాడు. 2,586 సరిపోయింది. తర్వాత మా గదిలో ఉన్న ఎర్రగుడ్డంతా విప్పించి గజంబద్దతో కొలిపించాడు. 426 గజాలు. ఆ అంకెను తన చేత్తోనే కాగితం వెనక రాసుకున్నాడు.

"మీరు మిగిలిందని రాసిచ్చింది 1,574. ఇక్కడ ఉన్నది 426. మధ్యలో 1,148 గజాలు ఎటు పోయిందయ్యా?" అని అడిగాడు.

"సారూ, ఉన్నదంత గిదే. ఎటూ పోలే" అన్నాడు ఆనందం.

"అంటే ఈ కాగితం మీది కాదా?"

"మాదే సారూ."

"1,148 గజాలకు ఎన్ని జెండాలు అవుతాయో నేను లెక్క వేశాను. నువ్వు వేశావా?"

ఆనందం నా వైపు చూశాడు. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. అప్పటికి నాకు కళ్లద్దాలు లేవు. మరి ఏం తుడుచుకున్నానో.

ఆనందాన్ని వెంటబెట్టుకుని పోయారు. జలపతి గడప దగ్గర ఆగి ఆనందం భార్య సరోజనతో మెల్లగా చెప్పాడు. "చెల్లే, నాలుగింటికి జీపు పెద్ద క్యాంపుకు పోతది. గుడ్డ ఎవలకిచ్చిండో గా లోపల చెప్పుమను. జీపెక్కిండంటె ఇంక నా చేతుల ఏం లేదు."

ఆ జీపు ఎక్కినవాళ్లలో కొందరు వారం తర్వాత కుంటుతూ తిరిగొచ్చారు. అంతకుముందు ఎండాకాలం ఎక్కిన వీర్నపల్లి మనిషి 'ఎదురుకాల్పులు' అని పేపర్లో మూడు లైన్లుగా వచ్చాడు. కాబట్టి నాలుగు గంటలంటే మా వీధిలో అందరికీ అర్థమయ్యేది.

సాంచాలు ఆపేశారు. ఆ చప్పుడు ఆగితే మా చెవుల్లో ఏదో ఊడిపోయినట్టు ఉండేది. సరోజన నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అన్నా, కాయితం నువ్వే రాసినవ్ గద. తప్పేమన్న పడ్డదా?"

"నా చేతిల తప్పు పడుడేందమ్మా? మూడుసార్లు మళ్ల జేసి సూశ్న. మూడుసార్లు గదే అచ్చింది."

ఒకే తప్పును మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకే జవాబు వస్తుందన్న సంగతి నాకు అప్పటికి తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆనందం మీదే నాకు అనుమానం మొదలైంది. గుడ్డ నిజంగానే ఎటో పంపాడేమో, నాకు చెప్పలేదేమో అనుకున్నాను. నా అంకె మీద నాకు అంత నమ్మకం.

మూల కూర్చుని, ఎస్సై విప్పించిన గుడ్డను మళ్లీ మడతపెడుతున్న లచ్చవ్వ తలెత్తింది.

"ఎంత మిగిలిందని రాసినవ్‌రా?"

"పదిహేను వందల డెబ్బై నాలుగు గజాలు."

"గజాలు నాకెందుకు? మూటలల్ల చెప్పు."

"డెబ్బై నాలుగంటె సగం దాటింది. పదహారు మూటలు."

ఆమె చేతిలో మడత ఆగింది. "పదహారా? నెలంత కలిపి నేను కట్టిందే ముప్పై మూటలు. జగిత్యాలకు పన్నెండు, కోరుట్లకు పద్నాలుగు. పోయినయి ఇరవై ఆరు. ముప్పైల ఇరవై ఆరు పోతే నాలుగు మిగుల్తయ్. పదహారెట్ల మిగుల్తయ్?"

"అక్కా, నీది మోటు లెక్క. ఆఖరి మూట మీద పన్నెండు గజాలు ఎక్కువున్నయ్. కోరుట్లకు పోయిన మూటల పద్నాలుగు గజాలు తక్కువున్నయ్. గవి నువ్వు లెక్కల వట్టలె."

"పట్టలే. పట్టినా ఏమైతది? పన్నెండు, పద్నాలుగు కలిపితే సగం మూట గిట్ల అయితదా? కాదు. నీకూ నాకూ పన్నెండు మూటల ఫరక్ అస్తున్నది. గంత ఫరక్ గా ముక్కలకెళ్లి అస్తదా?"

"మరి నువ్వే చెప్పు. సరిగ్గ ఎంత?"

"సరిగ్గ ఎంతో నాకెర్కలే. నాలుగు మూటల చుట్టుముట్టు ఉండాలె. జెర ఎక్కువో, జెర తక్కువో. పదహారు మాత్రం కాదు."

"కాయితం మీద మరి..."

"కాయితం మడత పెట్టిందా గుడ్డ, నేను పెట్టిన్నా?"

ఆమె నోరు మూయించాలనే పట్టుదలతో, నాకు బాగా వచ్చిన కూడిక చేశాను. అమ్మిన 2,586కు, మిగిలిన 1,574 కలిపాను. 4,160 వచ్చింది. నేసింది మూడు వేలు. అమ్మిందీ మిగిలిందీ కలిపితే నాలుగు వేలు దాటింది. గుడ్డ గదిలో కూర్చుని పిల్లల్ని పెట్టినట్టుంది.

అప్పుడు చూశాను నా తీసివేతను. రెండులోంచి ఆరు పోదు కాబట్టి ఆరులోంచి రెండు తీశాను. ఒకటిలోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి ఒకటి తీశాను. సున్నాలోంచి ఐదు పోదు కాబట్టి ఐదులోంచి సున్నా తీశాను. పైనుందో కిందుందో చూడకుండా ప్రతి వరుసలోనూ పెద్దదాంట్లోంచి చిన్నది లాగేశాను. సారు చెప్పింది మొత్తం సంఖ్య గురించి. నేను దాన్ని ఒక్కో అంకెకు తగిలించాను. పై అంకె చిన్నదైతే పక్క ఇంటి నుంచి పది తెచ్చుకోవాలని సారు నేర్పిన వారం నాకు అమ్మవారు పోసి వేపమండల మీద పడుకున్నాను. లేచాక ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇరవై ఐదేళ్లు కూడికల మీద బతుకు వెళ్లదీశాను.

కాబట్టి మొదట్లో నేను చెప్పుకున్న గొప్పను ఇక్కడ దించి పక్కన పెడుతున్నాను. మూడు ఊళ్ల మొనగాడికి తీసివేత రాదు. ఒక్క తీసివేతతో మనిషిని విడిపించానన్నాను చూడండి, ఆ తీసివేతతోనే ముందు పట్టించాను. విడిపించిన లెక్క లచ్చవ్వది. ఇది ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. డెబ్బై దాటాక సిగ్గు పంటితో పాటే ఊడిపోతుంది.

"ఓ, గట్ల గుడ్లప్పగించి సూడకు. సరిగ్గ ఎంతో పట్టు ఇప్పుడు" అంది లచ్చవ్వ.

తీసివేత మీద చెయ్యి వేయడానికి నాకు భయం పట్టుకుంది. ఆమే దారి చూపింది. కోరుట్ల ముక్క నిండు మూట కావడానికి పద్నాలుగు గజాలు. అప్పటికి ఇరవై ఆరు మూటలు నిండుతాయి. అక్కడి నుంచి ముప్పైకి నాలుగు మూటలు, అంటే నాలుగు వందలు. పైన పన్నెండు. పద్నాలుగు, నాలుగు వందలు, పన్నెండు. 426.

ఎస్సై కొలిపించి తన చేత్తో రాసుకున్న అంకె అదే. గజం కూడా తేడా లేదు.

గడియారం రెండున్నర చూపిస్తోంది. లచ్చవ్వ నాలుగు మూటలనూ తాళ్లతో బిగించి ఒకటి తన నెత్తిన పెట్టుకుంది. సరోజన ఒకటి, నేను రెండు.

"మూటలెందుకక్కా? లెక్క చెప్తె సాలదా?" అన్నాను.

"నీ లెక్క జెప్పినంకనే గదా గీ కత వచ్చింది. నడువ్" అంది.

క్యాంపు వాకిట్లో జలపతి అడ్డం వచ్చాడు. "ఏంది లచ్చవ్వా, దుకాణం పెడుతున్నవా ఈడ?"

"పెడుత. నువ్వు రెండు లంగాలు కొంటవా? నీ మీసానికి ఎరుపు మస్తుగ ఒప్పుతది."

జలపతి నవ్వు ఆపుకోలేక పక్కకు జరిగాడు. లోపల ఆనందం బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయి ఉంది. అంతకంటే ఏమీ కనిపించలేదు నాకు. ఎస్సై ముందు ఏవో కాగితాలు. గోదాము వెనక జీపు డ్రైవరు బానెట్ ఎత్తి నీళ్లు పోస్తున్నాడు.

లచ్చవ్వ మూట దించి దాని పక్కనే నిలబడింది.

"సారూ, నాకు సదువు రాదు. ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. ముప్పై మూటలు కట్టిన. ఇరవై ఆరు పోయినయ్. ఎన్ని మిగలాలె?"

"నాలుగు" అన్నాడు ఎస్సై, తలెత్తకుండానే.

"నాలుగు తెచ్చిన. సూసుకో."

అప్పుడు తలెత్తాడు. "ఏమిటమ్మా ఇది?"

"నీ చేతిల కాయితంల పై అంకె ఎంత సారూ?"

"మూడు వేల పన్నెండు."

"ముప్పై మూటలు. దాని కింద?"

"రెండు వేల ఐదు వందల ఎనభై ఆరు."

"జెర తక్కువ ఇరవై ఆరు మూటలు. గా రసీదులు నువ్వే సూసినవ్. మరి మిగిలింది పదిహేను వందల మీద ఎట్లుంటది సారూ? ముప్పై మూటలల్ల ఇరవై ఆరు పోయినంక ఎవలింట్లనైన పదహారు మిగుల్తయా?"

ఎస్సై పెన్ను తీసి కాగితం అంచున తనే తీసివేత చేశాడు. వేళ్లు మడిచాడు. కాగితం తిప్పి వెనక తను రాసుకున్న అంకె చూశాడు. మళ్లీ ముందుకు తిప్పాడు. మూడు రోజుల నుంచి ఆ కాగితం ఆయన దగ్గరే ఉంది. రసీదులు సరిచూశాడు, గుడ్డ కొలిపించాడు, జెండాలు లెక్క వేశాడు. కాగితం మీద ఉన్న తీసివేతను మాత్రం ఎవరూ చూడలేదు. పెన్నుతో రాసి, కింద గీత గీసి ఉన్న జవాబును ఎవరు అనుమానిస్తారు?

"ఎవరు రాశారు ఇది?" అని అడిగాడు.

నేను రెండు మూటలూ కింద పెట్టి ముందుకు నడిచాను.

"నేను రాసిన సారూ. తప్పు నాది. ఆనందం గీ కాయితం సూడనే లేదు, ఆ దినం ఊళ్లె లేడు. ఎవలనన్న జీపు ఎక్కించాలంటె నన్ను ఎక్కియ్యుండ్రి."

ఎస్సై నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "ఎంత వరకు చదివావు?"

"ఐదు సారూ."

"ఏ దేవుడు పాస్ చేశాడయ్యా నిన్ను?" అని ఒక కాగితం నా ముందుకు తోశాడు. దాని మీద పది తీసివేతలు రాసి ఇచ్చి, అక్కడే నేల మీద కూర్చుని చేయమన్నాడు. చేశాను. పదిలో తొమ్మిది సరిపోయాయి. పదోది కూడా సరిపోయేదే, జలపతి మీసం వెలుగుకు అడ్డం వచ్చింది.

మూడుంపావుకు ఆనందాన్ని వదిలేశారు. నాలుగింటికి జీపు ఖాళీగా పోయింది.

ఇంటికి నడిచేటప్పుడు వీధి మలుపులో ఆనందం నా నెత్తి మీది మూట ఒకటి తీసి తన భుజాన వేసుకున్నాడు.

"బావా, ఇగ సాంచాలు తోలుదామా? రెండు గంటలన్న నేత్తరు" అన్నాడు. అంతే. ఆ రోజు గురించి మళ్లీ మాట్లాడలేదు.

లచ్చవ్వ మాత్రం వదల్లేదు. మర్నాడు పొద్దున్నే నా రిజిస్టరు ముందు కూర్చుంది. అంకెలు చదవలేదు కానీ నా చేత చదివించేది. ఏడు వందల రెండులోంచి నాలుగు వందల తొంభై ఎనిమిది తీయమంది.

"ముందుగాల మూటలు చెప్పు. జవాబు తర్వాత."

"ఏడు మూటలు. అయిదు మూటలు. రెండు మిగలాలె."

"ఇగ తియ్యి."

అలవాటు చెయ్యి తన పని తాను చేసింది. 396 వచ్చింది.

"మూటలల్ల?"

"నాలుగు."

"రెండున్నకాడ నాలుగెట్ల వచ్చినయ్‌రా? తుడువ్."

తుడిచాను. ఈసారి పక్క అంకె నుంచి పది తెచ్చుకుని తీశాను. 204. రెండు మూటల చుట్టుముట్టే. ఆమె ఆ అంకె సరైనదని చెప్పలేదు. "ఇది కావచ్చు" అంది. ఆమె లెక్క అంతవరకే చెబుతుంది, అంతకంటే చెబుతుందని ఆమె ఎప్పుడూ అనలేదు. తర్వాత కిందిదీ జవాబూ కలిపి పైది వస్తుందా చూసుకోవడం నా పని. ఆ తర్వాత ఆరేళ్లు ఆ క్యాంపుకు నెలనెలా కాగితం పోయింది. ఒక్కటి కూడా మూటల్లో చెప్పకుండా జలపతి చేతికి ఇవ్వలేదు నేను.

ఇక, ఇందులో ఒకటి కల్పించాను. పిచ్చుకల సంగతీ మీసం సంగతీ కాదు, అవి మీకే తెలుసు.

ఎవరు రాశారని ఎస్సై అడిగినప్పుడు నేను ముందుకు నడవలేదు. మూటలు నెత్తిన పెట్టుకుని లచ్చవ్వ వెనకే నిలబడ్డాను. బయట జీపు బానెట్ మూసిన చప్పుడైంది. అప్పుడు బల్ల మీది నుంచి ఆనందం అన్నాడు. "నేనే రాసిన సారూ. ఆదరబాదరల రాసిన, తప్పు పడ్డది."

పది తీసివేతలు ఇచ్చింది ఆయనకే. ఆయన బల్ల మీదే కూర్చుని చేశాడు. పదికి పది సరిపోయాయి. ఎస్సై వాటిని చూసి, నేను రాసిన కాగితాన్ని మళ్లీ ఒకసారి చూసి, తలెత్తి నా వైపు చూశాడు. ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.